బేరమాడని మారాజు

కొనేవాడు వంక పెట్టాలి. అది వాడి హక్కు, ధర్మం కూడా. వంకాయ తొడిమ గిల్లి చూస్తాం, కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చూస్తాం, చీరైతే మడతలన్నీ విప్పించి కొట్టువాడి ఓర్పంతా అయిపోయాక "ఇందులోనే ఇంకో రంగు లేదా?" అంటాం. వస్తువు ఎంత నచ్చితే మొహం అంత చిట్లిస్తాం. ఈ విద్య ఉగ్గుపాలతో పట్టించిన ఇంట్లో పెరిగాను కనక, ఒక్క డాలరు తగ్గించమనకుండా "తీసుకుంటాను, డబ్బు వేసేస్తాను" అనే మనిషి కనబడితే నాకు ముందు అనుమానం వస్తుంది, తర్వాత చెమట పడుతుంది.

ఆక్లండ్‌లో మా పాత వెట్ గ్రైండర్ అమ్మకానికి పెట్టినప్పుడు అలాంటి మారాజు తగిలాడు. ఆ గ్రైండర్ సామాన్యమైనది కాదు. మా అత్తగారు విమానంలో తన సామాను బరువులో సగం దానికే ధారపోసి, ఆవకాయ జాడీని త్యాగం చేసి మరీ మోసుకొచ్చారు. మా ఆవిడ ఇంకా పెద్దది కొనుక్కుంది. వంటింటి గట్టు మీద రెండింటికి చోటు లేదు. ఇద్దరిలో ఒకరు బయటికి పోవాలంటే అది గ్రైండరో నేనో అన్న పరిస్థితి వచ్చాక ఫోటో తీసి పెట్టేశాను.

పాత సామాను ఇంటర్‌నెట్‌లో అమ్మడం ఈ దేశానికి కొత్త కాదు. వెల్లింగ్టన్‌లో శామ్ మోర్గన్ అనే కుర్రాడు పాత హీటర్ కోసం వెతికి, సరైన చోటు దొరక్క, 1999లో ట్రేడ్ మీ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టాడట. 2006లో దాన్ని ఫెయిర్‌ఫాక్స్ వాళ్లు 70 కోట్ల న్యూజిలాండ్ డాలర్లకు కొన్నారు. చలికి హీటర్ దొరకనివాళ్లు మనలో ఎంతమంది లేరు, దుప్పటి కప్పుకుని పడుకున్నాం గానీ!

సరే, మన మారాజు దగ్గరికొద్దాం. పేరు దొర పేరు. ఫోటోలో కుక్క.

"ఐటమ్ ఇంకా ఉందా?"

ఉంది అన్నాను.

"మంచి కండిషన్‌లో ఉందా?"

ఉంది అన్నాను.

"అయితే తీసుకుంటాను. మా అమ్మకి బహుమతి."

ఒక దొరగారి తల్లి తెల్లవారుజామున లేచి ఇడ్లీపిండి రుబ్బుతున్న దృశ్యం కాసేపు కళ్లముందు ఆడింది. సంతోషమే. కానీ అతను ఒక్కసారైనా గ్రైండర్ అనలేదు. అన్నీ "ఐటమ్" అనే. ఆ మెసేజ్‌ని అక్షరం మార్చకుండా సోఫాకి పంపొచ్చు, సైకిల్‌కి పంపొచ్చు, పసిపిల్లల ఉయ్యాలకీ పంపొచ్చు. పంపే ఉంటాడు కూడా. నిజంగా కొనేవాడైతే మొదటి ప్రశ్న "ఇండియా ప్లగ్గా, ఇక్కడి ప్లగ్గా?" అని ఉండాలి.

తర్వాత కథ సాఫీగా నడిచింది. తను పని మీద సౌత్ ఐలండ్‌లో ఉన్నాడట. కొరియర్ మనిషిని మా ఇంటికే పంపుతాడట, ఆ ఖర్చు కూడా తనదేనట. డబ్బు ముందే కొరియర్ కంపెనీకి కట్టేశాడు, నేను లింకు నొక్కి "రిసీవ్" చేసుకోవడమే తరువాయి. లింకులో పేరున్న సంస్థ రంగులు, ముద్ర, వ్యాను బొమ్మ అన్నీ అచ్చు దిగినట్టున్నాయి. అడ్రసులో మాత్రం ఎక్కడో ఒక గీత, ఒక అక్షరం ఎక్కువ. కింద గళ్లు: కార్డు నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెలు.

ఇక్కడే ఆగాలి. న్యూజిలాండ్‌లో మన ఎకౌంట్లో ఎవరైనా డబ్బు వెయ్యాలంటే బ్యాంకు ఎకౌంటు నంబరు చాలు. దాన్ని ఎవరూ దాచుకోరు. సంక్రాంతి సంబరాల టికెట్ల పోస్టరు మీద కూడా వేసేస్తారు. కార్డు నంబరు అలా కాదు, అది డబ్బు బయటికి లాగే దారి. అమ్మేవాణ్ణి కార్డు నంబరు అడిగాడంటే వాడు కొనడానికి రాలేదు. ఆ గళ్లు నింపితే బ్యాంకు నుంచి ఫోనుకి ఒక కోడ్ వస్తుంది. "డబ్బు పడాలంటే ఆ కోడ్ చెప్పండి" అంటాడు. చెప్పామా, మన కార్డు వాడి ఫోనులోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత వాడు మారాజే, మన ఖర్చు మీద.

మనవైపు ఇదే మనిషి మిలిటరీ దుస్తుల్లో తిరిగాడు. ఓఎల్ఎక్స్‌లో మంచం పెట్టినా బైకు పెట్టినా "నేను ఆర్మీలో ఉన్నా, బదిలీ అయింది, బేరం లేదు" అని ఐడీ కార్డు ఫోటో పంపేవాడు. ఆపైన క్యూఆర్ కోడ్. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అనేవాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు, పోవడానికే పిన్. 2021 ఫిబ్రవరిలో అప్పటి దిల్లీ ముఖ్యమంత్రి కుమార్తె పాత సోఫా అమ్మబోయి ఇలాగే 34,000 రూపాయలు పోగొట్టుకున్నారు. అంత చదువూ అంత కాపలా ఉన్న ఇంట్లోనే క్యూఆర్ కోడ్ దూరిందంటే మన ఇల్లెంత! హైదరాబాద్‌లో పిన్ అడిగాడు, ఆక్లండ్‌లో కార్డు వెనక అంకెలు అడిగాడు. వేషం మారింది గానీ ఆట అదే.

నాకు కాస్త సరదా పుట్టింది. "మీ అమ్మగారికి రెండు రాళ్లది కావాలా, మూడు రాళ్లదా?" అని అడిగాను.

"యస్, ఓకే. లింకు నొక్కారా?"

"మినప్పప్పు ఎంతసేపు నానబెడతారావిడ?"

"నో ప్రాబ్లం సర్. కొరియర్ బయల్దేరాడు."

మోసగాడి టైము తినడానికి ఈ దేశంలో ఒక యంత్రాన్నే పెట్టారు. నెట్‌సేఫ్ అనే ఇక్కడి ఆన్‌లైన్ భద్రతా సంస్థ 2017లో రీస్కామ్ అనే చాట్‌బాట్‌ని వదిలింది. మోసపు ఈమెయిలు వస్తే దానికి తోసేస్తే చాలు. అది రకరకాల మనుషుల వేషాలు కట్టి, కాస్త హాస్యం, కాస్త తప్పుల తడక ఇంగ్లీషు కలిపి, మోసగాడితో ఎడతెగకుండా ఉత్తరాలు నడిపేది. మా మేనమామకి ఈ ఉద్యోగం ఇచ్చి ఉంటే కరెంటు ఖర్చు కూడా మిగిలేది. ఆయన ఫోనెత్తితే అవతలివాడే పెట్టేస్తాడు.

అయితే ఈ సరదా ఎక్కువసేపు మంచిది కాదు. మనకి వాడి ఊరు తెలియదు, వాడికి మన పేట తెలుసు. చాట్ అంతా స్క్రీన్‌షాట్ తీసి, గ్రైండర్ అమ్మకానికి పెట్టిన పేజీ వాళ్లకి రిపోర్ట్ కొట్టి, మనిషిని బ్లాక్ చేశాను. ఎస్ఎంఎస్‌గా వస్తే 7726కి ఫార్వర్డ్ చెయ్యొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. కార్డు వివరాలు ఇచ్చేసినవాళ్లు మాత్రం బాధపడుతూ కూర్చోకుండా ముందు యాప్‌లో కార్డు ఆపెయ్యాలి, వెంటనే బ్యాంకుకి ఫోన్, ఆ తర్వాత పోలీసుల 105. ఇండియాలో అయితే 1930.

ఇంకో రకం వాడున్నాడు. డబ్బు వేసేసినట్టు స్క్రీన్‌షాట్ పంపి, "అయ్యో, వంద ఎక్కువ వేశాను, అది తిరిగి వెయ్యండి" అంటాడు. ఆ వందా రాలేదు, అసలూ రాలేదు. స్క్రీన్‌షాట్ ఎవరైనా గీసుకోవచ్చు. మన యాప్‌లో మన కళ్లతో కనబడేదాకా అది బొమ్మే.

చివరికి గ్రైండర్ కోసం పాపకూరా నుంచి ఒక వరంగల్ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. మొదటి ప్రశ్న ప్లగ్ గురించే. రెండోది, "అన్నా, జర తగ్గించరాదె." నా మనసు కుదుటపడింది. శనివారం సాయంత్రం భార్యతో, బావమరిదితో, అరకిలో నానబెట్టిన బియ్యంతో సహా వచ్చాడు. గ్రైండర్ తిప్పించాడు, మూత ఊపాడు, బెల్టు శబ్దం విన్నాడు, బావమరిదితో పక్కకెళ్లి మంతనాలాడాడు, ఇరవై డాలర్లు తగ్గించాడు. అప్పుడు యాప్ తెరిచాడు.

2024 చివర్నుంచి ఇక్కడి బ్యాంకులు, డబ్బు పంపేముందు ఎకౌంటు నంబరుకి పేరు సరిపోతోందో లేదో చెప్పడం మొదలుపెట్టాయి. మంచి పనే. కానీ బ్యాంకులో నా పేరు ఇంటిపేరుతో, తాతగారి పేరుతో, కులదైవం పేరుతో కలిపి రైలంత ఉంటుంది. తమ్ముడు అందరూ పిలిచే ముక్క ఒక్కటే కొట్టాడు.

"అన్నా, పేరు సగమే కలుస్తున్నదంటున్నది." తలెత్తి నన్ను చూశాడు. వాళ్లావిడ గ్రైండర్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "గిది మీ ఎకౌంటేనా అసలు?"

డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చి చూపించాను. బావమరిది ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, "జుట్టు తక్కువుంది గానీ ఆయనే" అని తీర్పిచ్చాడు. డబ్బు పంపాడు. అతనిది వేరే బ్యాంకు, వెంటనే పడదు. 2023 మే నుంచి శని ఆదివారాల్లోనూ డబ్బు కదులుతోంది గనక సరిపోయింది, లేకపోతే నలుగురం సోమవారం దాకా డ్రైవ్‌వేలో నిలబడాల్సిందే. మా ఆవిడ టీ పెట్టింది. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ తాగాం. బావమరిది ఊరికే కూర్చోలేక గ్రైండర్ రాయి మళ్లీ తిప్పి చూశాడు.

"అన్నా, ఈడ చిన్న గీతున్నది" అన్నాడు తమ్ముడు. "ఓ పది డాలర్లు వాపస్ వెయ్యిరాదె."

నా యాప్ చూశాను. ఇంకా పడలేదు.

"ముందు నీ డబ్బు పడనీ తమ్ముడూ" అన్నాను.