పావు తక్కువ రెండంగుళాల బతుకు

ర్యాకులో పనిచేసే యంత్రాన్ని ఎవరూ వరస కలిపి పిలవరు. "అది నడుస్తోందా?", "దాన్నొకసారి చూడండి" అంటారు, అంతే. ఏళ్ల తరబడి ఆ మాటే వింటూ వచ్చింది కాబట్టి, తన కథ చెప్పుకునేటప్పుడు ఈ ఎక్స్‌సర్వ్ కూడా తనను "అది" అనే చెప్పుకుంటోంది. కాలిఫోర్నియాలోని కుపర్టినోలో యాపిల్ సంస్థ 2002 మే 14న లోకానికి చూపించిన ర్యాక్ సర్వర్ల తొలి తరంలో అదొకటి. వెడల్పు 19 అంగుళాల ర్యాకుకు సరిపడా, మందం పావు తక్కువ రెండంగుళాలు. సర్వర్ల లోకంలో ఆ మందాన్ని "ఒక యూ" అని లెక్కిస్తారు. డేటా సెంటర్లు యంత్రాలకు చోటు అద్దెకిచ్చేదీ చాలా వరకు ఆ లెక్కనే.

అప్పటికి కొన్నేళ్లుగా యాపిల్ సర్వర్ అంటే, నేల మీదో బల్ల కిందో పెట్టుకునే నిలువు పెట్టె మ్యాక్‌లోనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి అమ్మింది. దాన్ని ర్యాకుకు ఎక్కించాలంటే కింద అర బిగించి, దాని మీద కూర్చోబెట్టాలి. అలా ఒక్క యంత్రానికే ఎన్నో యూలు పోయేవి. ఎక్స్‌సర్వ్ ఆ చిక్కు తీర్చింది. ఒక గిగాహెర్ట్జ్ పవర్‌పీసీ జీ4 ప్రాసెసర్ ఒకటి గానీ రెండు గానీ, 2 జీబీ దాకా మెమరీ, ముందువైపు నుంచి లాగి తీయగల నాలుగు డిస్కులు, అన్నీ 120 జీబీవి వేసుకుంటే మొత్తం 480 జీబీ. నెట్‌వర్క్‌కు రెండు గిగాబిట్ కనెక్షన్లు. ముఖం మీద రెండు వరసల నీలి దీపాలుండేవి. ప్రాసెసర్ల మీద భారం పెరిగేకొద్దీ అవి ఒక్కొక్కటిగా వెలిగేవి. ధర ఒక ప్రాసెసర్‌దానికి 2,999 డాలర్లు, రెండు ప్రాసెసర్లదానికి 3,999.

చూడముచ్చటగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఆ మెప్పు దానికి పెద్దగా పట్టలేదు. తాళం వేసిన గదిలో, చీకట్లో, ఇంకో రెండు పెట్టెల మధ్య ఇరుక్కుని ఉండేదానికి అందంతో పనేముంది? దానికి గుర్తుండిపోయినవి సిస్టమ్ అడ్మిన్లు వేసిన ప్రశ్నలు. సర్వర్ ఆగితే అర్ధరాత్రి ఫోను మోగేది వాళ్ల ఇంట్లోనే.

మొదటి ప్రశ్న డిస్కుల మీద. సర్వరన్నాక స్కజీ డిస్కులుండాలని అప్పటి అడ్మిన్ల పట్టుదల. అవి నిమిషానికి 10,000 నుంచి 15,000 చుట్లు తిరిగేవి, రాత్రీ పగలూ ఆగకుండా పనిచేయడానికని తయారైనవి. ఎక్స్‌సర్వ్‌లో ఉన్నవి 7,200 చుట్ల ఏటీఏ డిస్కులు, ఇళ్లలో కంప్యూటర్లకు వాడే జాతి. ఏటీఏ చవక, అదే డబ్బుకు ఎంతో ఎక్కువ చోటు దొరుకుతుందని యాపిల్ సమాధానం. ఒక్కో డిస్కుకు విడిగా ఒక దారి ఇవ్వడంతో ఒకదాని కోసం ఇంకొకటి కాచుకోవాల్సిన పని లేదని, డిస్కు చెడిపోయే సూచనలు కనిపిస్తే ముందే హెచ్చరిస్తుందని కూడా చెప్పింది. వీడియోలు, అచ్చుకు వెళ్లే పెద్ద పెద్ద బొమ్మలు వరసగా చదివి అందించే పనికి ఈ వాదన నిలిచింది. డేటాబేస్ పని వేరు. అక్కడ చిన్న చిన్న ముక్కల్ని వెయ్యి చోట్ల నుంచి ఏరుకోవాలి, ఆ పనిలో స్కజీదే పైచేయి.

మెమరీ మీదా మాట పడింది. వేసింది కొత్తరకం డీడీఆర్ మెమరీయే, కానీ దాని నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారి మాత్రం పాత 133 మెగాహెర్ట్జ్ దారే. కొత్త మెమరీ వేగం పూర్తిగా ప్రాసెసర్ దాకా చేరేది కాదు.

కరెంటు విషయంలో అడిగినదానికైతే దాని దగ్గర జవాబే లేదు. మంచి డేటా సెంటర్‌లో ప్రతి ర్యాకుకూ రెండు వేర్వేరు కరెంటు లైన్లు వస్తాయి. సర్వర్‌లో రెండు పవర్ సప్లైలుంటే ఒకదాన్ని ఒక లైనుకు, రెండోదాన్ని ఇంకో లైనుకు తగిలిస్తారు. ఒక లైను పోయినా, ఒక పవర్ సప్లై కాలిపోయినా సర్వర్ ఆగదు. పాడైనదాన్ని యంత్రం నడుస్తుండగానే లాగేసి కొత్తది పెడతారు. ఆనాటి డెల్ పవర్‌ఎడ్జ్ 1650 ఇదే పావు తక్కువ రెండంగుళాల మందంలో ఆ ఏర్పాటు ఇవ్వగలిగింది. ఎక్స్‌సర్వ్‌కు ఉన్నది ఒకే ఒక్క పవర్ సప్లై. నాలుగు డిస్కుల్ని నడుస్తుండగా మార్చుకునే వీలు కల్పించి, వాటన్నిటికీ ప్రాణం పోసే భాగాన్ని ఒంటరిగా వదిలేశారు. ఈ విమర్శ నూటికి నూరు పాళ్లూ న్యాయమైనదని అది ఈనాటికీ ఒప్పుకుంటుంది.

కొనుగోళ్ల లెక్క చూసేవాళ్లకు మాత్రం దాని మీద మొదటి రోజే గురి కుదిరింది. దానితోపాటు వచ్చే మ్యాక్ ఓఎస్ ఎక్స్ సర్వర్‌ను ఎంతమంది వాడుకున్నా అదనపు రుసుము లేదు. విండోస్ సర్వర్ వాడాలంటే సర్వర్ లైసెన్సు ఒకటి, దాన్ని వాడుకునేవాళ్ల లెక్కన మళ్లీ విడిగా లైసెన్సులు కొనాలి. వందల మంది పిల్లలున్న బడికి, అందరికీ ఫైళ్లు దాచుకునే చోటు కావాలంటే, పెట్టె ధర కన్నా ఈ లైసెన్సుల ఖర్చే ఎక్కువ కావచ్చు. పైగా ఈ సాఫ్ట్‌వేర్ అడుగున ఉన్నది యూనిక్స్. వెబ్ సర్వర్‌గా అపాచీ, విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకోవడానికి సాంబా అందులోనే ఉన్నాయి. యూనిక్స్ తెలిసినవాళ్లు దూరం నుంచే లాగిన్ అయి పని చేసుకోవచ్చు. తెలియనివాళ్లకు మౌస్‌తో నడిపించే పరికరాలున్నాయి. ఒకే యంత్రం ఈ ఇద్దరికీ పనికిరావడం ఆ రోజుల్లో నిజంగానే గొప్ప సంగతి.

వీటన్నిటికన్నా లోతైన ప్రశ్న ఒకటి వినిపించింది. "యాపిల్ ఈ వ్యాపారంలో ఎన్నాళ్లుంటుంది?" అనుమానానికి ఆధారముంది. 1996 ఫిబ్రవరిలో యాపిల్ నెట్‌వర్క్ సర్వర్ అనే భారీ యంత్రాల్ని తెచ్చింది. అవి ఐబీఎం వారి ఏఐఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి. 1997 ఏప్రిల్ నాటికి వాటిని ఆపేసింది. బతుకు నిండా పద్నాలుగు నెలలే. నమ్మి కొన్నవాళ్లు నడిదారిలో నిలబడిపోయారు. సర్వర్ కొనేవాడు కొనేది ఒక్క పెట్టెను కాదు. నాలుగేళ్ల తర్వాత విడిభాగం దొరుకుతుందన్న మాటను, తర్వాతి నమూనా వస్తుందన్న మాటను, దాన్ని నేర్చుకోవడానికి మనుషులు పెట్టే కాలం వృథా పోదన్న మాటను కూడా కలిపి కొంటాడు. 2002లో వేగం మీద సాగిన చర్చలన్నిటికన్నా ఈ ప్రశ్నే బరువైనదని ఎక్స్‌సర్వ్ ఉద్దేశం. మిగతా ప్రశ్నలకు జవాబులు ఒక్కొక్కటిగా వచ్చాయి.

ఈ ఎక్స్‌సర్వ్ చేరింది ఒక ప్రచురణ సంస్థలోకి. పగలంతా బొమ్మల ఫైళ్లు అందించడం, రాత్రిపూట వాటి నకళ్లు పంపించడం దాని పని. మొదట దాన్ని మనుషులు కూర్చునే గదిలోనే పెట్టారు, ఫ్యాన్ల హోరు భరించలేక వేరే గదికి తరలించారు. పలుచటి పెట్టెలో వేడిని బయటకు నెట్టాలంటే చిన్న ఫ్యాన్లు చాలా వేగంగా తిరగాలి, ఆ మోత తప్పదు. ముఖం మీద తాళం, దానికి ఆరు పలకల తాళంచెవి. తాళం వేస్తే డిస్కులు లాగడానికి కుదరదు.

దాని ఒంటి మీద అడ్మిన్లకు బాగా నచ్చింది మాత్రం ఒక చిన్న మీట. ఒకేలా ఉండే పెట్టెలు ఇరవై నిండిన ర్యాకులో ముందువైపు నుంచి చూసి ఇదే అనుకున్నది, వెనక్కి వెళ్లేసరికి ఏదో తెలియదు. తప్పు పెట్టె కేబుల్ లాగితే వేరెవరి పనో ఆగిపోతుంది. ముందున్న మీట నొక్కితే ముందూ వెనకా కూడా గుర్తు దీపం వెలిగేది. దాన్ని రూపొందించినవాళ్లు ర్యాకు వెనక కాసేపైనా నిలబడి చూసి ఉంటారనడానికి ఆ దీపమే సాక్ష్యం.

దాని తోబుట్టువులు కొన్ని జీవశాస్త్ర ప్రయోగశాలలకు వెళ్లాయి. జన్యుక్రమాల్ని పోల్చి చూసే బ్లాస్ట్ అనే ప్రోగ్రాము జీ4లోని వెక్టర్ విభాగాన్ని పూర్తిగా వాడుకునేలా యాపిల్, జీవసాంకేతిక సంస్థ జెనెన్‌టెక్ కలిసి 2002 ఫిబ్రవరిలోనే ఒక రూపం తెచ్చాయి. అలాంటి లెక్కలకు పెట్టెలు వరసగా పేర్చుకుంటూ పోవాలి, ఒక యూ మందం అక్కడ అక్కరకొచ్చింది. 2003లో ఈ పనికోసమే ఒకే డిస్కుతో, సీడీ డ్రైవ్ లేకుండా క్లస్టర్ నోడ్ అనే రూపమూ వచ్చింది.

దాని వంశంలో అందరూ చెప్పుకునే ఘట్టం వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 2003లో శ్రీనిధి వరదరాజన్ నాయకత్వంలో అక్కడివాళ్లు 1,100 పవర్ మ్యాక్ జీ5లను కలిపి సిస్టమ్ ఎక్స్ అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. పెట్టెలు మోసి అమర్చే పనిలో విద్యార్థులు స్వచ్ఛందంగా పాల్గొన్నారు. అయిన ఖర్చు సుమారు 52 లక్షల డాలర్లు. ఆ నవంబరులో వెలువడిన సూపర్ కంప్యూటర్ల టాప్500 జాబితాలో అది 10.28 టెరాఫ్లాప్స్‌తో మూడో స్థానంలో నిలిచింది. అయితే ఆ జీ5లు బల్ల దగ్గర వాడుకునే కంప్యూటర్లు, వాటి మెమరీకి తప్పులు సరిదిద్దుకునే శక్తి లేదు. అంతరిక్షం నుంచి వచ్చే కణం ఒకటి తగిలినా మెమరీలో సున్నా ఒకటిగా మారిపోవచ్చు. ఇంట్లో ఒక్క కంప్యూటర్‌లో ఎప్పుడో గానీ అలా జరగదు. 1,100 యంత్రాలు రోజుల తరబడి ఒకే లెక్క చేస్తుంటే ఎక్కడో ఒకచోట జరుగుతుంది, లెక్క తప్పిందన్న సంగతి కూడా తెలియదు. అందుకే 2004లో వాటి స్థానంలో ఎక్స్‌సర్వ్ జీ5లు వచ్చాయి. అవి ఈసీసీ మెమరీతో పుట్టినవి, ఒక్క బిట్టు తారుమారైతే తామే సరిచేసుకుంటాయి. వేగం 12.25 టెరాఫ్లాప్స్‌కు పెరిగింది. ఈలోగా మిగతావాళ్లూ ముందుకెళ్లడంతో ర్యాంకు మాత్రం ఏడుకు దిగింది. ర్యాంకు దిగినందుకు ఎక్స్‌సర్వ్‌కు విచారం లేదు. తన వంశం వచ్చాక అక్కడి లెక్కల్ని శాస్త్రవేత్తలు నమ్మగలిగారు, దానికి అదే గర్వం.

ఆ జీ5 నమూనాలో నాలుగు డిస్కుల చోట మూడే మిగిలాయి. వేడెక్కే ప్రాసెసర్లకు గాలి వెళ్లే దారి కావలసి వచ్చింది. పావు తక్కువ రెండంగుళాల్లో ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. 2006 ఆగస్టులో ప్రకటించిన ఇంటెల్ ఎక్స్‌సర్వ్‌తో పాత ప్రశ్నలకు పూర్తి జవాబులు దొరికాయి. కావలసినవాళ్లకు రెండో పవర్ సప్లై, స్కజీ వారసులైన ఎస్‌ఏఎస్ డిస్కులు, రెండు జియాన్ ప్రాసెసర్లు వచ్చాయి. ధర మళ్లీ 2,999 డాలర్ల దగ్గరే మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు వేలెత్తి చూపినవాళ్లు చెప్పినట్టే చేశారు. ఎక్స్‌సర్వ్‌కు ఆ విమర్శకుల మీద ఎప్పుడూ కోపం లేదు, తన తమ్ముళ్లను తీర్చిదిద్దింది వాళ్లేనని దాని నమ్మకం.

యాపిల్ ఎన్నాళ్లుంటుందన్న ఆఖరి ప్రశ్నకు జవాబు 2010 నవంబర్ 5న వచ్చింది. 2011 జనవరి 31 తర్వాత ఎక్స్‌సర్వ్ దొరకదని యాపిల్ ప్రకటించింది. బదులుగా మ్యాక్ ప్రో గానీ మ్యాక్ మినీ గానీ వాడుకోమంది. ఈసారి వచ్చిన స్పందన పుట్టిన రోజు నాటిదానికన్నా తీవ్రంగా ఉంది, అది సబబే. అప్పటి మ్యాక్ ప్రో నిలువు పెట్టె, ర్యాకులో బిగించడానికి తయారైంది కాదు, రెండో పవర్ సప్లై లేదు. మ్యాక్ మినీ సర్వర్ 999 డాలర్లకు చిన్న కార్యాలయానికి చక్కగా సరిపోయేది, కానీ నడుస్తుండగా డిస్కు మార్చే వీలు లేదు. ఎనిమిదేళ్లలో ఒక్కొక్కటిగా గెలుచుకున్నవి ఒకే ప్రకటనతో పోయాయి. కొనేవాళ్లు తక్కువన్నది నిజమే కావచ్చు. ఆ తక్కువమందే తమ సంస్థల్లో పైవాళ్లతో వాదించి మ్యాక్ సర్వర్లను లోపలికి తెచ్చారు. మూడు నెలల గడువులో మొత్తం ప్రణాళిక మార్చుకోమనడం వాళ్లకు జరిగిన అన్యాయమని ఎక్స్‌సర్వ్ అంటుంది.

అవసరం మాత్రం పోలేదు. ఐఫోన్ యాప్ తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్ మీద తప్ప నడవదు కాబట్టి డేటా సెంటర్లలో మ్యాక్‌లు ఉండి తీరాలి. ఒక యూ చోటులో రెండు మ్యాక్ మినీలు పట్టే అరలను వేరే కంపెనీలు తయారుచేసి అమ్మాయి. 2020 జనవరిలో యాపిల్ ర్యాకులో బిగించే మ్యాక్ ప్రో తెచ్చింది, కానీ దాని మందం 5 యూలు, అప్పటి ధర 6,499 డాలర్ల నుంచి మొదలయ్యేది. అదే ఏడాది నవంబరులో అమెజాన్ తన డేటా సెంటర్లలో మ్యాక్ మినీలు వరసగా పేర్చి అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. యాపిల్ లైసెన్సు నిబంధన ప్రకారం కనీసం 24 గంటలకు తీసుకోవాలి. హైదరాబాదులో కూర్చుని ఐఫోన్ యాప్ రాసేవాళ్లు కూడా అలాంటి మ్యాక్‌ను దూరం నుంచి నడిపించుకోవచ్చు.

2022 ఏప్రిల్‌లో మ్యాక్ఓఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా యాపిల్ ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో మాత్రం టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో రెండున్నర లక్షల చదరపు అడుగుల సర్వర్ కర్మాగారం గురించి ప్రకటించింది. అక్కడ తయారయ్యే సర్వర్లు యాపిల్ కృత్రిమ మేధ సేవల కోసం సంస్థ సొంత డేటా సెంటర్లకే వెళ్తాయి. వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను భద్రతా పరిశోధకులు పరీక్షించే వీలు ఇచ్చారు. యంత్రం మాత్రం అమ్మకానికి లేదు కాబట్టి, 2002లో డిస్కుల్నీ పవర్ సప్లైనీ నిలదీసినట్టు దాన్ని నిలదీయగల కొనుగోలుదారు బయట ఒక్కరూ లేరు.