ఇంటర్వెల్ దాకా నిధి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకూ ఫిల్మ్‌నగర్‌కూ నడుమ సంచరించే సినీజీవులలో ‘నిధి కథకుడు’ అనదగిన వర్గం ఒకటి ఉంది. వయసు యాభై దాటి, రెండు మూడు చిత్రాలకు కో-డైరెక్టరుగా పేరు పడి, నివాసం కొండ దిగువన కృష్ణానగర్‌లోనూ ఆశయం కొండ మీదా ఉండి, స్పైరల్ బైండింగు చేయించిన కథాప్రతిని చంకలోంచి దించని వ్యక్తిని ఈ వర్గానికి చెందినవాడిగా గుర్తించవచ్చు. ఆ కొండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటుతో ఏర్పడినవి; వాటిలో నిధి ఏదైనా ఉంటే అది గజం ధరలోనే ఉందని రియల్ ఎస్టేటువారు ఏనాడో కనిపెట్టారు గాని, ఇతడి అన్వేషణ అంత సులభమైనది కాదు. ప్రేమకథలూ ఫ్యాక్షన్ కథలూ చెప్పేవారు గాలివాటాన్ని బట్టి సరుకు మారుస్తారు. ఇతడు నిధి ఉన్న చోటును మారుస్తాడే తప్ప నిధిని వదలడు.

ఇతడి వంశచరిత్ర 1971లో మొదలవుతుంది. ఆ ఏడాది కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ నిధి కోసం గుర్రాల మీద పరుగెత్తే కౌబాయ్ కథను తెలుగు ప్రేక్షకుడికి అలవాటు చేయగా, 2002లో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’, 2013లో చంద్రశేఖర్ యేలేటి ‘సాహసం’ ఆ అలవాటును నిలబెట్టాయి. ఈ మూడింటినీ స్మరించిన తరువాతనే ఇతడు తన ‘లైన్’ మొదలుపెడతాడు. లైన్ అంటే పరిశ్రమ పరిభాషలో రెండు మూడు వాక్యాల కథాసారం. ఇతడిది పూర్తయ్యేసరికి ఎదుటివాడికి రెండు కాఫీలు ఖర్చవుతాయి.

చాలాకాలం పాటు ఆ లైన్ కొల్లూరు గని మీద నడిచింది. కృష్ణా తీరాన, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, వజ్రాలకు ప్రసిద్ధికెక్కిన ఆ గనిలో దాదాపు 60,000 మంది పనిచేసేవారని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. మగవారు తవ్విన మట్టిని ఆడవారూ పిల్లలూ మోసుకుపోగా, దానిని నీటితో కడిగి, ఎండబెట్టి, చేటలతో తూర్పారబట్టి, మిగిలిన రాళ్లలో వజ్రం కోసం చేతులతో వెదికేవారు. ఈ వర్ణన విన్న నిర్మాతకు కనిపించేది 60,000 మంది జూనియర్ ఆర్టిస్టుల బేటా, అనగా దినభత్యం. కథకుడికి కనిపించేది కోహినూరు ఒక్కటే. తూర్పారబట్టే ఘట్టాన్ని ఇతడు తన ప్రతిలో ఏనాడూ రాయలేదు, ఎందుకంటే కథానాయకుణ్ణి చేటతో ప్రవేశపెడితే ఏ అభిమాన సంఘమూ క్షమించదు. పైగా ఆ గనిప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నందున, చిత్రీకరణకు ముందు జరిపే స్థలపరిశీలనకు, అనగా రెక్కీకి, పడవ కట్టించుకోవాలి.

అయితే ఈ వర్గపు అసలు లక్షణం వేరు: వీరి కథకు సెకండాఫ్, అనగా విరామం తరువాతి భాగం, ఉండదు. సగం చిరిగిన పటం, కాపలా నాగు, ఇంటర్వెల్‌కు సరిగ్గా తెరుచుకునే రాతితలుపు, ఇంతవరకు కథ దివ్యంగా నడుస్తుంది. తలుపు వెనుక ఏముందో రాసినవాడికే తెలియదు. ఇందుకు ఇతడి ప్రతిభను మాత్రమే నిందించడం న్యాయం కాదు, ఎందుకంటే నిజమైన తవ్వకాలకూ మన నేల మీద సెకండాఫ్ కుదరలేదు. 2012లో హైదరాబాదు నౌబత్ పహాడ్ వద్ద ఒక పాఠశాల ఆవరణలో పురావస్తు శాఖ తవ్వించగా నిధి బయటపడలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలో తవ్వగా ఎముకలూ ఇటుకలూ కనిపించాయి. ఒకవేళ దొరికినా కథ నేరుగా కచేరీకి చేరుతుంది: 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, ఆపైన ప్రకటనలు, విచారణలు, వాటాలు. క్లైమాక్సులో కథానాయకుడు అర్జీ రాస్తూ కూర్చునే చిత్రానికి పంపిణీదారు దొరకడు.

నేల మీద ఇన్ని చిక్కులున్నాయి గనుక ఇతడు ఇటీవల సముద్రంలోకి దిగాడు. సముద్రతలాన పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ, మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్టు కలిగి ఉండే నల్లని ముద్దలను బహులోహ ముద్దలంటారు. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర వాటిని అన్వేషించే హక్కు భారతదేశానికి ఉంది. ఇతడికి వీటి కన్నా ప్రీతిపాత్రమైనది 1974 నాటి ‘గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్’ ఓడ వృత్తాంతం: పసిఫిక్ అడుగున మునిగిన సోవియట్ జలాంతర్గామిని రహస్యంగా పైకి తీయడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఆ ఓడను పంపి, హోవర్డ్ హ్యూస్ అనే కోటీశ్వరుడు మాంగనీసు ముద్దలు తవ్వుతున్నాడని లోకాన్ని నమ్మించింది. హ్యూస్ ఒకప్పుడు సినీనిర్మాత కూడా. కట్టుకథకు అడగ్గానే పేరిచ్చిన అటువంటి నిర్మాత ఫిల్మ్‌నగర్‌లో ఒక్కడూ లేకపోవడమే ఇతడి తీరని వ్యథ. ఎత్తుతుండగా జలాంతర్గామి విరిగి, ఒక భాగమే చేతికి వచ్చిందన్న సంగతి మాత్రం ఇతడి కథనంలో వినిపించదు.

ఈ కొత్త లైన్‌లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందిస్తున్న ‘మత్స్య 6000’ అనే జలాంతర వాహనం కీలకం. 6,000 మీటర్ల లోతుకు దిగేలా 2.1 మీటర్ల వ్యాసం గల టైటానియం గోళంలో ముగ్గురు కూర్చునే ఏర్పాటు దానిది గనుక, హీరోకు, హీరోయిన్‌కు, కమెడియన్‌కు సరిగ్గా సరిపోతుందని ఇతడి లెక్క. డ్యూయెట్‌కు చోటు చాలదన్న అభ్యంతరానికి పాటను కలలోకి మార్చడం ద్వారా పరిష్కారం చూపాడు. అంతా విన్న నిర్మాత సందేహం మాత్రం సూటిగానే ఉంటుంది.

“ఏమయ్యా, ఆ నల్లముద్దలు తెర మీద బంగాళాదుంపల్లా కనిపిస్తాయి కదా?”

“ముద్ద పగలగొడితే లోపల వజ్రం సార్.”

“సరే, ముగ్గురికే చోటంటున్నావు. మరి విలన్ ఎందులో దిగుతాడు?”

“అది సెకండాఫ్ సార్. సిట్టింగుల్లో చూసుకుందాం.”