ఒక ఎనుము ఆత్మకథ

నేనొక ఎనుమును. ఎమ్మిగనూరులో మగ్గముల చప్పుడు నిరంతరము వినవచ్చు నొక వీథి చివర, చేనేతవారి పెరటిలో నా నివాసము. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన సహకార సంఘము వలన ఈ యూరి వస్త్రములకు పేరు వచ్చినది. మా పాలకు అట్టి ఖ్యాతి లేకున్నను, వస్త్రమునకు వలెనే వీనికిని మేలుకీళ్లు చేతిలోనే యున్నవని నా అనుభవము. పడుగున తెగిన పోగును నేత ముగిసిన పిమ్మట సరిచేయుట యెంత దుర్లభమో, పితుకునప్పుడు చెడిన పాలను పాలకేంద్రమున బాగుచేయుట అంత దుర్లభము.

ఆదోని పత్తిగింజల చెక్కయు, తుంగభద్ర దిగువ కాలువ క్రింద పండిన వరిగడ్డియు మేసి నేను కూర్చుకొను పాలలో నూటికి సుమారు తొంబదియైదు పాళ్లు పొదుగు పైభాగమునందలి సూక్ష్మకోశములలోనే నిలిచియుండును. ఆవునకు వలె క్రిందికి దిగి సిద్ధముగా నుండునది బహుస్వల్పము. కావున నేను చేపనిదే ఎంతటి బలశాలి పిండినను పాత్ర నిండదు. దూడ మూతి తగిలినను, పరిచితహస్తము నిమిరినను నా మెదడునుండి వెలువడు నొక రసము రక్తమున ప్రవహించి పాలను దింపును. అరపు విన్నను, దెబ్బ తిన్నను భయము దానిని నిరోధించును. ఆ రసప్రభావము కొద్ది నిమిషములే గనుక, చేపిన వెంటనే ఎడతెగక పితుకవలెను.

నన్ను పెంచు మా యింటి యమ్మకు ఈ శాస్త్రమెవ్వరును బోధింపలేదు. అయినను ఆమె గోరువెచ్చని నీట నా పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, సూక్ష్మజీవు లధికముగా నుండు తొలిధారలను వేఱొక గిన్నెలో విడిచి, అందు పలుకులు కానరానిచో మాత్రమే తపేలా చేతబట్టును. పొడిచేతితో, పిడికిలి నిండ పట్టి పితుకును. వెన్న మిక్కుటముగా నుండు చివరిధారలను విడువదు. చన్ను రంధ్రము వెంటనే మూసుకొనదు గనుక, నేను పేడలో పరుండకుండునట్లు గాడిలో పచ్చిమేత వేసి, ఒక అరగంట నిలువబెట్టును.

ఒకమారు ఆమె పుట్టింటికి పోగా, కూలికి పితుకువాడొకడు వచ్చెను. వ్రేళ్లను పాలలో ముంచుచు, బొటనవ్రేలు మడిచి చన్నులను నలుపుచు, సగము పాలు పొదుగులోనే విడిచి, మఱియొక యింటికి పరుగిడెడివాడు. పాలకేంద్రమున వెన్నశాతము పడిపోయి వెల తగ్గెను. పిదప ఒక చన్ను వాచి, పాలు ఉప్పనై, కాచినంతనే విరిగిపోయెను. అందఱును నా జాతిని శంకించిరేగాని, వాని బొటనవ్రేలిని శంకించినవారు లేరు.

మాలోనుండి దోషము రాదని నేననను. బూజుపట్టిన వేరుసెనగ చెక్క తిన్నచో అందలి అఫ్లటాక్సిన్ విషము రూపుమారి పాలలో దిగును. మరిగించినను అది పోదు. కాని ఆ చెక్కను గాడిలో వేయునదియు మనుష్యహస్తమే. ఈ సీమ వేసవిలో పితికిన పాలను చల్లార్చక గంటల తరబడి క్యానులో నుంచునదియు నదియే.

మా యూరి నీలకంఠేశ్వరస్వామి జాతర సంతలో మీరు మా పండ్లు చూచి, కొమ్ములు కొలిచి, పొదుగు తడిమి వెల కట్టుదురు. కొనువాని చేతులను పరీక్షించి అంగీకరించు హక్కు మాకును ఉండినచో, ఎందఱో వట్టి పలుపుతో ఇంటికి మరలెడివారు!