రోడ్డు కానిచోట మాత్రమే వాడవలెను

ఆ రీలు మీరూ చూసే ఉంటారు. ఈ వారమంతా ఆదోని, ఎమ్మిగనూరు కుర్రాళ్ల ఫోన్లలో అదే తిరుగుతోంది. ఒకడు కారు వెనక లైటును సబ్బునీళ్లతో కడుగుతాడు. నల్ల వినైల్ ఫిల్ము పరిచి, వాళ్ల అక్క హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, పాత ఏటీఎం కార్డుతో బుడగలు బయటికి తోస్తాడు. అంచులు బ్లేడుతో కోస్తాడు. ఫిల్ము ఓపిక లేనివాళ్లకు స్ప్రే డబ్బా ఉంది. వాటర్ పేపర్‌తో రుద్దడం, బుస్సున కొట్టడం, ఆరబెట్టడం, అంతే. కంపెనీవాడు ఎర్రగా బిగించిన లైటు కాస్తా బొగ్గులా తయారవుతుంది. దాన్ని ‘స్మోక్ లుక్’ అనాలట.

ఇంతవరకూ నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆ ఫిల్ము ప్యాకెట్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక్క ముక్క: ‘ఆఫ్‌రోడ్ వాడకానికి మాత్రమే.’

అంటే రోడ్డు మీద తప్ప ఎక్కడైనా వాడుకోవచ్చన్నమాట. అమ్మేది కారుకి. పొయ్యి మీద పెట్టరాదని రాసిచ్చి పెనం అమ్మినట్టుంది వ్యవహారం. ఈ తయారీదారుడికి మతిగానీ పోయిందా అనుకున్నాను. తర్వాత ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రాత్రిపూట ఒకసారి బండి తోలాక జ్ఞానోదయమైంది. అతను మన ఏరియా తిరిగి చూసి, మనకోసమే ఆ ముక్క అచ్చేయించాడు! గుంతకూ గుంతకూ మధ్య కాస్త తారు కనబడితే దాన్ని రోడ్డనడం మన మంచితనం. చట్టం ముందు మంచితనం చెల్లదు. మనం ఉన్నదే ఆఫ్‌రోడ్‌లో.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడుబూరు, నందవరం. వీటన్నిటినీ ‘ఆఫ్‌రోడ్ మండలాలు’గా ప్రకటించాలి. పొలిమేరలో ఒక ఆర్చీ కట్టి, ‘ఇక్కడితో రోడ్డు సమాప్తం, లైట్లు మీ ఇష్టం’ అని రాయించాలి. ఆర్చీ ప్రారంభోత్సవానికి నాయకులు ఎలాగూ వస్తారు, వాళ్ల కార్లు ఆగినప్పుడు వెనక లైట్లు కూడా చూద్దాం.

దీనివల్ల లాభాలు ఇన్నీ అన్నీ కావు. ఆర్ అండ్ బీ వాళ్లకు ప్యాచ్‌వర్కుల బాధ తప్పుతుంది. లేని రోడ్డుకు అతుకులేమిటి? గుంతల్లో కారు తోలే సరదా కోసం పట్నాలవాళ్లు డబ్బు కట్టి మరీ దూరాలు పోతున్నారు. మన మనిషి లైఫ్ ట్యాక్స్ కట్టి అదే సరదా పొలానికి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అనుభవిస్తున్నాడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది ఒకటుంది. వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరం నుంచి కనబడాలంటుంది. చట్టంలో 182-ఎ ఉంది. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటే మార్పుకు అయిదువేల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. అవన్నీ రోడ్లున్న దేశాల మాటలు. మన ఆర్చీ దాటి లోపలికి రావు.

నిజం చెప్పాలంటే కారున్నవాడి కష్టం కూడా మనం అర్థం చేసుకోవాలి. అద్దాలకు నల్ల ఫిల్ము వేసుకుందామంటే 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కుదరదంది. నెత్తిన ఎర్రబుగ్గ పెట్టుకుందామంటే 2017 మే 1 నుంచి మంత్రులకే లేకుండా పీకేశారు. ఇక మనిషి తన గొప్ప ఎక్కడ అంటించుకోవాలి? మిగిలింది వెనక లైటే. పైన అద్దం మీద రాఘవేంద్రస్వామి స్టిక్కరు, కింద నల్లలైటు. అంటే వెనకాల వచ్చేవాడి బాధ్యత మొత్తం ఆ స్వామి మీద వేసి ఇతను నిశ్చింతగా గేరు మారుస్తాడు.

అన్నిటికన్నా పెద్ద లాభం లెక్కల్లో ఉంది. రోడ్డే లేనప్పుడు రోడ్డు ప్రమాదం ఎక్కడిది? ఒక్క జీవోతో మన డివిజన్‌లో ప్రమాదాలు సున్నా. ఆసుపత్రికి వచ్చినవాళ్లను ‘పొలంలో జారిపడ్డారు’ అని రాసుకోవచ్చు. గుద్ది పారిపోయిన కేసుల్లో చనిపోయినవారి కుటుంబానికి కేంద్రం ఇచ్చే రెండు లక్షలూ మిగులుతాయి. ఆ మిగిలిన డబ్బుతో కుర్రాళ్లకు ఉచితంగా ఫిల్ము పంచవచ్చు. పథకానికి పేరు పెట్టడంలో మన వాళ్లను మించినవారు లేరు గనక ఆ పని వాళ్లకే వదిలేస్తున్నాను.

ఈ పథకం చెబుదామనే ఆదోనిలో యాక్సెసరీలు అమ్మే ఒకాయన దగ్గరికి పోయాను. “ఏమప్పా, వెనకాల వచ్చేవాడికి లైటు కనబడకపోతే ఎట్ల?” అన్నాను. ఆయన ఫిల్ము చుట్ట విప్పుతూనే, “ఏం కాదులే సామీ, వెనకోడు చూసుకుంటాడు” అన్నాడు.

ఏం చూసుకుంటాడు? కనబడకుండా నువ్వే మూసేస్తే ఏ కళ్లతో చూసుకుంటాడు? డబుల్ ఫిలమెంట్ బల్బులో మామూలుగా వెలిగేది 5 వాట్లు, బ్రేక్ తొక్కితే వెలిగేది 21 వాట్లు. ఆ తేడాను బట్టే వెనకవాడు ‘ముందు బండి ఆగుతోంది’ అని తెలుసుకుంటాడు. నల్ల ఫిల్ము వేశాక బ్రేక్ లైటు మామూలు లైటులా మిగులుతుంది, మామూలు లైటు లేనట్టే. ఆ లైటులోనే చాలా కార్లకు రిఫ్లెక్టర్ ఉంటుంది. బ్యాటరీ దిగిపోయి రోడ్డు పక్కన ఆగిన బండిని కూడా వెనకవాడి హెడ్‌లైటు వెలుగులో చూపించేది అదే. దాని మీద ఫిల్ము వేస్తే వెలుగు పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి తగ్గుతుంది. సగం వెలుగును ఆపే ఫిల్మయితే వెనకవాడికి చేరేది పావువంతు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకువాడికి 155 మీటర్లంటే తొమ్మిది సెకన్లు. నలభై మీటర్లలోకి వచ్చాకే కారు కనబడితే రెండు సెకన్లు. అందులో ఒకటి బ్రేక్ మీదికి కాలు పోయేలోపే అయిపోతుంది.

పత్తి లోడుతో ఆదోని యార్డుకు పోయే ట్రాక్టరు ట్రాలీకి లైటుండదు. తప్పే. గుంటూరు మిరపకోతకు కూలీలను ఎక్కించుకుపోయే టెంపోకు ఒక లైటు వెలిగితే ఒకటి వెలగదు. అదీ తప్పే. వాళ్లలో పేదరికమో నిర్లక్ష్యమో ఉంది. లక్షలు పోసి కొన్న కారుకు కంపెనీవాడు పరీక్షలు చేయించి బిగించిన లైటును, మళ్లీ డబ్బిచ్చి ఆర్పించుకునేవాడికి ఏముంది? హెల్మెట్ లేని రైతును నిలబెట్టి ఫొటో తీసే చేతికి ఈ నల్లలైటు ఎందుకు కనబడదు? రోడ్డు మీద వాడకూడదని రాసి, రోడ్డు పక్క షాపులో అమ్ముతుంటే ఎందుకు ఊరుకుంటున్నారు? ఆ చిన్నక్షరాలు కొన్నవాడి కోసం రాసినవి కావు, కోర్టులో అమ్మినవాడిని కాపాడటానికి రాసినవి. చచ్చేవాడు ఆ ప్యాకెట్ ఎన్నడూ చూడలేదు.

ఫిల్ము వేసినవాళ్లు ఈ ఆదివారం ఊడదీయండి. అదే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, మూల పట్టుకుని మెల్లగా లాగితే వచ్చేస్తుంది. స్ప్రే కొట్టినవాళ్లు కొత్త లైటు కొనుక్కోండి, ఆ ఖర్చు మీదే.