కాలమ్ సెంటీమీటరు కూలి

తెలుగు దినపత్రికల ఆర్థిక వ్యవస్థను అధ్యయనం చేయదలచినవారు సాధారణంగా ప్రధాన కార్యాలయంలోని అచ్చుయంత్రాల దగ్గర మొదలుపెడతారు గానీ, ఆ వ్యవస్థ అసలు పునాది జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాల వంటి మండల కేంద్రాల్లో, సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకున్న బండి మీద తిరుగుతూ ఉంటుంది. వృత్తి పరిభాషలో ఈ పునాదిని కంట్రిబ్యూటర్ అంటారు. అంటే పత్రికలో ఉద్యోగి కాకుండానే ఉద్యోగి చేసే పనులన్నీ చేస్తూ, ఒక మండలంలో జరిగే ప్రమాదాలు, ధర్నాలు, జాతరలు, ప్రారంభోత్సవాలు అన్నింటినీ రాసి పంపే వ్యక్తి అని అర్థం. జనం అతనిని 'రిపోర్టర్ సార్' అంటారు. యాజమాన్యం మాత్రం ఏమీ అనకుండా జాగ్రత్తపడుతుంది, ఎందుకంటే ఏమి అన్నా అది రేపు కార్మిక న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలిచే ప్రమాదం ఉంది.

కంట్రిబ్యూటర్‌కు దక్కే ప్రతిఫలానికి లైన్ అకౌంట్ అని పేరు. నెలలో అతను పంపిన వార్తల్లో ఎన్ని అచ్చయ్యాయో చూసి, అచ్చయిన మేరకు పంక్తులుగానో కాలమ్ సెంటీమీటర్లుగానో కొలిచి, ఆ కొలతకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే పైకమే లైన్ అకౌంట్. ఈ పద్ధతిలోని శాస్త్రీయత సామాన్యులకు ఒక పట్టాన అంతుపట్టదు కనుక ఒక ఉదాహరణ అవసరం. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద అర్ధరాత్రి లారీ బోల్తా పడితే, కంట్రిబ్యూటర్ నిద్ర లేచి వెళ్ళి, పోలీసులను అడిగి, ఆసుపత్రికి పోయి, క్షతగాత్రుల పేర్లు, ఊళ్ళు, వయసులు తప్పు లేకుండా రాసుకుని, ఫొటో తీసి, నలభై పంక్తుల వార్త పంపుతాడు. అదే రాత్రి ఆ పేజీకి ఒక బంగారు దుకాణం ప్రకటన ఆలస్యంగా వచ్చి చేరితే, నలభై పంక్తులు నాలుగు పంక్తులై సంక్షిప్త వార్తల్లో కూర్చుంటాయి, లేదా అసలే కూర్చోవు. నాలుగైతే నాలుగింటికే కూలి, లేకపోతే సున్న. అర్ధరాత్రి, పెట్రోలు, ఆసుపత్రి గడప, ఇవేవీ సెంటీమీటర్లలో కొలిచే వస్తువులు కావు గనుక లెక్కలోకి రావు. అదే పేజీలోని అదే జాగాను ప్రకటనదారుకు చదరపు సెంటీమీటరు చొప్పున అమ్మేటప్పుడు మాత్రం స్కేలు మీద గీతలు చాలా స్పష్టంగా కనిపిస్తాయన్న సంగతిని ఇక్కడ గమనించాలి. కొనేటప్పుడు ఒక సెంటీమీటరు, అమ్మేటప్పుడు ఇంకొక సెంటీమీటరు ఉండే ఏకైక పరిశ్రమ బహుశా ఇదే.

పంక్తికి ఇంత అనే పద్ధతి తెలుగువారు కనిపెట్టినది కాదు. 19వ శతాబ్దపు లండన్‌లో పంక్తికి ఒక పెన్నీ చొప్పున రాసే విలేకరుల వర్గమొకటి ఉండేది. చిన్న అగ్నిప్రమాదాన్ని కూడా మహా దావానలంగా సాగదీసి రాస్తారని వారి మీద అపవాదు. ఇటిక్యాల విలేకరికి సాగదీసే ఆ స్వేచ్ఛ కూడా లేదు, కత్తెర వార్తలు దిద్దే డెస్కు దగ్గర ఉంటుంది. తెలుగునాట ఈ విధానం విస్తరించిన క్రమం వేరు: 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను ప్రారంభించగా, తక్కిన పత్రికలు అదే దారి పట్టాయి, జిల్లాకొక అనుబంధాన్ని రోజూ నింపడానికి ప్రతి మండలంలోనూ రాసే చేయి ఒకటి అవసరమైంది. ఆ చేతులన్నింటినీ ఉద్యోగంలోకి తీసుకుంటే పత్రిక మిగలదని లెక్క తేలడంతో, చేతిని మాత్రమే తీసుకుని మనిషిని బయట ఉంచే ఏర్పాటు రూపుదిద్దుకుంది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడి జిల్లాలైనప్పుడు కలెక్టరేట్లు పెరిగాయి, ప్రెస్‌మీట్లు పెరిగాయి, తిరగవలసిన దూరం పెరిగింది. సెంటీమీటరు పొడవు మాత్రం పెరగలేదు.

రాసేవారికి డబ్బు ఇవ్వడం ఈ సీమకు తెలియని విద్య అనుకుంటే అది చారిత్రక అపచారమవుతుంది. విద్వద్గద్వాల అని పేరు పొందిన గద్వాల సంస్థానంలో ఏటా పండిత సభలు జరిగేవి. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకూ కవులు వరుసగా వచ్చి అవధానాలు చేసి సంభావనలు పుచ్చుకుపోయేవారు, తిరుపతి వేంకట కవులు సైతం ఆ దారిలో నడిచినవారే. కొందరికి వార్షికం ఉండేది, అంటే ఏటేటా ఇంత అని నిర్ణయించి ఇచ్చే నగదు. ఆ వ్యవస్థను ఫ్యూడల్ అని తీసిపారేయడం తేలిక గానీ, అందులో ఎవరిని పొగుడుతున్నారో వారే డబ్బిచ్చేవారన్న నిజాయితీ ఉండేది, పద్యం విన్నాక ప్రభువు దానిని స్కేలుతో కొలిపించిన దాఖలా కూడా కనిపించదు. ఆధునిక పద్ధతి దీనిని సంస్కరించి, పొగడ్త పొందినవాడు పత్రికకు డబ్బిచ్చేటట్టు, ఆ డబ్బును రాసేవాడే వసూలు చేసి తెచ్చేటట్టు, తెచ్చినందుకు అతనికి కొంత కమీషన్ ముట్టేటట్టు ఏర్పాటు చేసింది.

దీనికే టార్గెట్ అని పేరు. ఉగాది, జూన్ 2, ఆగస్టు 15, జనవరి 26, పత్రిక వార్షికోత్సవం వంటి సందర్భాలు దగ్గరపడగానే, ఒక్కొక్క మండలం నుంచి ఇంత మొత్తానికి శుభాకాంక్షల ప్రకటనలు రావాలని పైనుంచి వచ్చే ఆదేశం అది. వార్త రాయకపోతే పెద్దగా అడిగేవారు ఉండరు. టార్గెట్ చేరకపోతే రోజూ ఫోను వస్తుంది. ప్రకటన వేయించుకున్న నాయకుడు డబ్బు ఇవ్వకుండా నాన్చితే, ఆ బాకీ నాయకుడి పేరు మీద కాక కంట్రిబ్యూటర్ పేరు మీద నిలుస్తుంది, నెలాఖరు లైన్ అకౌంట్ అందులో జమ అవుతుంది. ఆ విధంగా సంవత్సరం చివర రాసినవాడే పత్రికకు బాకీపడి ఉండడం అసాధారణం కాదు. ప్రపంచంలో రచయితలకు తక్కువ ఇచ్చే ప్రచురణకర్తలు చాలామంది ఉన్నారు గానీ, రచయితనే ప్రచురణకర్తకు అప్పులవాడిని చేసే ఈ నైపుణ్యం వేరే చోట అంత సులభంగా దొరకదు. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని వార్తలు వేసిన వ్యవహారంపై భారత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసినప్పుడు, అందులో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి కావడం యాదృచ్ఛికమే కావచ్చు. వసూళ్ళ విద్యలో ఈ నేలకున్న అనుభవం మాత్రం యాదృచ్ఛికం కాదు.

టార్గెట్ వల్ల నష్టపోయేది కంట్రిబ్యూటర్ ఒక్కడే అయితే ఈ కాలమ్‌కు ఇంత జాగా అనవసరం. గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి ప్రసిద్ధి. అంటే విత్తన కంపెనీల కోసం రైతులు ఆడ, మగ మొక్కలను వేరుగా పెంచి, చేత్తో పువ్వు పువ్వుకూ పరపరాగ సంపర్కం చేయించి, హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ అనే దళారి ఉంటాడు, పెట్టుబడికి అప్పు అతనే ఇస్తాడు, లెక్కలు అతని దగ్గరే ఉంటాయి. పండిన విత్తనాన్ని జీవోటీ అనే పరీక్షకు పంపుతారు. కొంత విత్తనాన్ని నాటి, మొలిచిన మొక్కల్లో జన్యు స్వచ్ఛత ఎంతో చూసే ఆ పరీక్ష ఫలితం వచ్చేసరికి నెలలు గడుస్తాయి, పాసైన విత్తనానికే డబ్బు, ఫెయిలైన దానికి రైతు చేసిన చాకిరీ గాలికి పోతుంది. పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎలా జరిగిందో రైతు చూడడు. ఈ అన్యాయం మీద రాయడానికి ఇటిక్యాల కంట్రిబ్యూటర్ కంటే అర్హుడైన ఆర్థికవేత్త భూమండలం మీద లేడు, ఎందుకంటే అతని వార్త కూడా తను చూడని చోట పరీక్షకు పోయి, పాసైన పంక్తులకే కూలి తెస్తుంది. అయితే ఆగస్టు 15 శుభాకాంక్షల ప్రకటనకు అతను వెళ్ళవలసిన గడపల్లో ఆర్గనైజర్ గడప మొదటిది. కాబట్టి సీడ్ రైతుల గోడు రాయాలా, టార్గెట్ పూర్తి చేయాలా అనే ప్రశ్న ఏటా వానకాలంలో తలెత్తుతుంది, దానికి జవాబు ఏటా జిల్లా పేజీలో ఆర్గనైజర్ ఫొటోతో రంగుల్లో అచ్చవుతుంది. పాఠకుడు దానికి చందా కట్టి చదువుతాడు.

చట్టం ఏమంటుందన్న ప్రశ్న ఇక్కడ రావడం సహజం. 1955 నాటి శ్రామిక పాత్రికేయుల చట్టం, ప్రధాన వ్యాపకం పాత్రికేయమై, పూర్తికాలమో పార్ట్‌టైమో పత్రికలో పనిచేసే ప్రతి వ్యక్తినీ పాత్రికేయుడిగానే గుర్తించింది. దాని కింద వేతన సంఘాలు ఒకటి తరువాత ఒకటి వచ్చాయి. చివరిదైన మజీథియా సంఘం సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో ప్రకటించగా, యాజమాన్యాలు వేసిన సవాలును సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 7న కొట్టివేసింది. అయితే ఆ సిఫార్సుల్లో 20(జె) అనే ఉపనిబంధన ఒకటి ఉంది: తన పాత జీతమే చాలునని ఉద్యోగి రాసిచ్చే వెసులుబాటు అది. దేశంలోని పత్రికా కార్యాలయాల్లో అంతటి వైరాగ్యం ఒక్కసారిగా అంతమందికి ఎలా కలిగిందో వేదాంతులు పరిశోధించవలసిన అంశం. హిమాలయాలకు పోకుండా, హెచ్‌ఆర్ గదిలో సంతకం పెట్టి సిద్ధించిన వైరాగ్యమది. 2017 జూన్ 19న సుప్రీంకోర్టు, సంఘం నిర్ణయించిన దానికంటే తక్కువకు ఈ నిబంధన దారి చూపదనీ, కాంట్రాక్టు సిబ్బందికీ సిఫార్సులు వర్తిస్తాయనీ తేల్చి చెప్పింది. యాజమాన్యాలు కావాలని ధిక్కరించలేదని కూడా అదే తీర్పులో చెప్పడంతో ఉభయులూ సంతోషించారు. ఇటిక్యాల కంట్రిబ్యూటర్ ఈ తీర్పు వార్తను తన పత్రికలో వెతికి ఉంటే, దొరికిన చోట స్కేలు పెట్టి కొలవడానికి పెద్దగా శ్రమపడి ఉండడు.

యాజమాన్యం ఇవ్వని దానిని ప్రభుత్వం ఇస్తుంది. అక్రిడిటేషన్ కార్డు అనే గుర్తింపు పత్రం ఉన్నవారికి ఆర్టీసీ బస్సులో రాయితీ ఉంటుంది. రైలులోనూ ఉండేది గానీ 2020 మార్చిలో కరోనా పేరుతో ఆగి, కరోనా పోయినా తిరిగి రాలేదు. ఇటిక్యాలలో స్టేషనుండీ దాని వల్ల కంట్రిబ్యూటర్‌కు ఒరిగేది లేదు. ఒక ప్రైవేటు వ్యాపారి తన పనివాడికి ఇవ్వవలసిన ప్రయాణ భత్యాన్ని ప్రభుత్వ రవాణా సంస్థ భరించడం, దానిని పత్రికా స్వేచ్ఛకు ప్రోత్సాహంగా వర్ణించడం, ఆ వర్ణనను కంట్రిబ్యూటర్ చేతే రాయించడం, ఇవన్నీ ఒకే చట్రంలో ఇమిడిపోయాయి. కార్డులు మాత్రం పత్రికకు ఇన్ని అని పరిమితం గనుక, అది ఎవరికి దక్కుతుందనేది టార్గెట్ ఎవరు పూర్తి చేశారన్న దానితో కలిసి నడుస్తుందని గిట్టనివారు అంటారు.

పోల్చి చూడడానికి ఉపాధి హామీ పథకాన్ని తీసుకోవచ్చు. 2025–26కు తెలంగాణలో రోజు కూలి రూ.307గా నిర్ణయమైంది, అక్కడా పని కొలతల మీదే, చెరువులో తవ్విన మట్టిని కొలిచి ఇచ్చే కూలి. కానీ 2005 నాటి ఆ చట్టం 15 రోజుల్లో కూలి చెల్లించాలనీ, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలనీ నిర్దేశించింది. అది సరిగా అమలు కాలేదని కంట్రిబ్యూటరే ఎన్నోసార్లు వార్త రాసి ఉంటాడు. న్యూయార్క్ నగరం 2017 మే నుంచి ఫ్రీలాన్సర్ల కోసం ప్రత్యేక చట్టమే అమలులోకి తెచ్చి, 800 డాలర్లు, ఆపైన విలువైన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలనీ, వేరే గడువు రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో డబ్బివ్వాలనీ శాసించింది. ఇటిక్యాల లైన్ అకౌంట్ 800 డాలర్లు చేరుకోవడానికి పట్టే కాలంలో ఆ చట్టం రద్దయినా ఆశ్చర్యం లేదు. ఆలస్యానికి స్థానికంగానే ఘనమైన పూర్వోదాహరణ ఉంది: అలంపురం ప్రాంతంలో పుట్టి, గోలకొండ పత్రిక నడిపి, 1934లో 354 మంది తెలంగాణ కవులతో సంచిక తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డికి తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో వచ్చింది. ఆయన మరణించింది 1953లో.

అయినా బకాయి అడగదలచిన కంట్రిబ్యూటర్‌కు కార్మిక శాఖ తలుపు తెరిచే ఉంటుంది. అక్కడ అడిగే మొదటి ప్రశ్న, ఈ వార్తలు నువ్వే రాశావనడానికి రుజువేమిటి అని. నియామక పత్రం ఉండదు. అతను అట్టపెట్టెల్లో దాచుకున్న కత్తిరింపులు తెచ్చి బల్ల మీద పోస్తాడు, కానీ వాటిలో ఒక్కదాని మీదా రచయిత పేరు ఉండదు, వార్త మొదట్లో ఇటిక్యాల అన్న ఊరి పేరు మాత్రమే ఉంటుంది. డెస్కులో కూడా అతనికి వేరే పేరు లేదు, ఫోను ఎత్తితే 'ఏం ఇటిక్యాలా, వార్తేంది' అనే పలకరింపే. కాగితాలన్నీ ఏకగ్రీవంగా చెబుతున్నదాని ప్రకారం వార్తలు రాసినది ఇటిక్యాల గ్రామం, కనుక మజీథియా వేతనం, ఆలస్యపు వడ్డీ, ప్రయాణ భత్యం చట్టరీత్యా రావలసినది ఆ గ్రామ పంచాయతీకి. సర్పంచి గ్రామసభ పెట్టి ఈ మేరకు తీర్మానం చేయిస్తే వాదికి బలం చేకూరుతుంది. తీర్మానాన్ని వార్తగా ప్రచురించడంలో సంపాదకవర్గానికి ఇబ్బందులు ఉండవచ్చు గానీ, ప్రకటనగా ఇస్తే చదరపు సెంటీమీటరు లెక్కన, ముందస్తు చెల్లింపు మీద తప్పక వేస్తారు. కమీషన్ ఆ మండల కంట్రిబ్యూటర్ ఖాతాలో జమ అవుతుంది, పాత బాకీ పోను.