ఎనభై దాటితే వణుకు

ఎనభై దాటినాక చేతులు వణికితే ఎవరూ ఆశ్చర్యపోరు. నాకు మాత్రం యాభై రెండో ఏటనే మొదలైంది. బిజినేపల్లి నుంచి భూత్పూర్ మీదుగా పోయి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి జడ్చర్ల వైపు తిరిగాక, స్పీడు ముల్లు ఎనభైని తాకిన క్షణంలో. డెబ్బైకి దించితే తగ్గింది. మళ్ళీ ఎనభై, మళ్ళీ వణుకు. పక్క సీట్లోంచి మా ఇంటామె నా చేతుల దిక్కు చూసి, "షుగరు టెస్టు చేయించుకోమంటే వినరు గద" అన్నది.

వణికేది చేతులు కాదు, స్టీరింగ్ అని నమ్మించడానికి ఆమెతో కూడా ఓ నిమిషం పట్టించాల్సి వచ్చింది. పట్టుకుని, "అయితే దీనికే షుగరు" అని తేల్చింది.

బండి 2012 మోడల్, చిన్న డీజిల్ కారు. కంపెనీ పేరు చెప్పను, పాపం వాళ్ళ తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర కొన్నాను. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 ఒకటి, చాయ్‌లు నాలుగు. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ అనే ఉంది. 2014లో మా రాష్ట్రం మారింది, 2016 దసరాకు మా జిల్లా మహబూబ్‌నగర్ పోయి నాగర్‌కర్నూల్ అయింది, ఆ ప్లేటు మాత్రం ఎవరి మాటా వినకుండా అట్లనే ఉన్నది. మెహిదీపట్నం ఫ్లైఓవర్ పిల్లర్ల కింద ట్రయల్ వేశాను. సెకండ్ గేరు దాటే అవకాశం ఆ రోడ్డు ఇవ్వలేదు. "వెన్నలెక్క పోతది సార్" అన్నాడాయన. రెండో తాళంచెవి అడిగితే ఇంట్లో ఎక్కడో ఉంది, ఎల్లుండి కొరియర్ చేస్తానన్నాడు.

ఆ రోజు సాయంత్రం తొంభై మీద ఇల్లు చేరాం. బాటిల్లో నీళ్ళు కూడా తొణకలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుని ఉంటే నాకు రెండు నెలల కాలమూ, చెప్పుకోలేనంత డబ్బూ మిగిలేవి. కానీ ఇప్పుడు వణుకుతున్న బండి అప్పుడు మాత్రం వణకకుండా ఎట్లుంటుంది? మనమే గమనించలేదు. నా బుర్ర ఇట్ల పనిచేసింది. ఇదే బుర్రతో ఇరవై నాలుగేళ్ళుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తున్నాను.

మొదటి రోగనిర్ధారణ మా బామ్మర్దిది. "బావా, నిన్ను ముంచిన్రు. ఇది వరదల మునిగిన బండి" అన్నాడు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన వానకు కార్లు పడవల్లా కొట్టుకుపోవడం అందరం టీవీలో చూసినవాళ్ళమే, కాబట్టి కాదనలేకపోయాను. మునిగిన బండికి మ్యాటు కింద వాసన వస్తుందట. ఇద్దరం సీట్లు జరిపి, మ్యాట్లు ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాం. ఒక రూపాయి బిళ్ళ, ఒక జడపిన్ను, మూడు బఠానీలు దొరికాయి. వరద దొరకలేదు. "కడిగి అమ్మిన్రు" అన్నాడు బామ్మర్ది. ఆధారం దొరక్కపోవడమే అతని దృష్టిలో గట్టి ఆధారం.

తర్వాత అలైన్‌మెంట్. జ్వరానికి గోలీ ఎట్లనో మా దగ్గర కారుకు అలైన్‌మెంట్ అట్ల. బండి మూలిగితే అలైన్‌మెంట్, దగ్గితే అలైన్‌మెంట్. చక్రాలకు అద్దాలు తగిలించి, కంప్యూటర్లో ఎర్ర అంకెలను పచ్చగా మార్చి, కాగితం చేతిలో పెట్టారు. నిజానికి అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఒకే దిక్కు చూస్తున్నాయా లేదా అని సరిచూడడం. అది తప్పితే బండి ఒక పక్కకు గుంజుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది. వణకడం దాని పని కాదు. ఈ సంగతి నాకు కాగితం కొన్నాక తెలిసింది. భూత్పూర్ దాటాక పచ్చ అంకెలతోనే వణికింది.

మూడో వైద్యుడు ట్రాక్టర్ల మెకానిక్. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ఇంజిన్ మౌంటింగులు పోయినయ్ సార్" అన్నాడు. నిజంగానే పోయాయి. మౌంటింగ్ రబ్బర్లు అరిగితే బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఒళ్ళంతా ఊగుతుంది. కొత్తవి వేశాక నిలబడ్డప్పుడు బండి తపస్సులో కూర్చున్న మునిలా ఉంది. ఎనభై దగ్గర మాత్రం పూనకం తప్పలేదు.

మా స్టాఫ్‌రూంలో జీవశాస్త్రం సారు ఆయిల్ మార్చమన్నాడు. ఆయిల్‌కూ స్టీరింగ్‌కూ ఏం సంబంధమని అడిగితే, "మార్చితే మంచిదే గద" అన్నాడు. కాదనడానికేముంది? పైగా ఆయిలంటే మాకు పరాయి సరుకు కాదు. మా మండలంలోని పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదం వంగడాలకు పేరుపడ్డది. ఇంగ్లండు కంపెనీ ఒకటి 1909లో తన నూనెకు క్యాస్ట్రాల్ అని పెట్టుకున్న పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే. ఆ లెక్కన ఇంజిన్‌లో పోసేది మా మేనరికమే. మార్పించాను. మేనరికం కూడా కాపాడలేదు.

ఇక మిగిలింది మా అమ్మ వైద్యం. "శనివారం నంది వడ్డెమాన్ పోయి తైలాభిషేకం చేయించు బిడ్డా" అన్నది. శనేశ్వరుడి గుడి మాకు పక్క ఊర్లోనే ఉండగా అలైన్‌మెంట్ల చుట్టూ తిరగడం ఆమెకు మొదటినుంచీ నచ్చలేదు. అక్కడ స్వామి జ్యేష్ఠాదేవితో ఉంటాడు, ఏలినాటి శని పట్టినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వస్తారు. పోయాను. నువ్వుల నూనె పోశాను. ప్రదక్షిణాలు చేస్తుంటే ఒక సంగతి తట్టింది. శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడని అర్థం. సూర్యుణ్ణి ఒక్క చుట్టు తిరిగిరావడానికి ఆయనకు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. నా బండి డెబ్బై లోపల వణకదు. అంటే స్వామి మందుచీటీ ముందే రాసిచ్చాడు, నేనే చదువుకోలేదు. తిరుగు ప్రయాణంలో నలభై మీద వచ్చాను. మహా హాయిగా వచ్చింది.

అసలు ఇబ్బందే అది. ఈ రోగం ఊర్లో కనిపించదు. మా రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, గొర్ల మందలు, కోతలప్పుడు సగం రోడ్డు దాకా ఆరబోసిన వడ్లు. ఎనభై ఎక్కడ పోతాం? నాలుగు వరుసల హైవే మీద కార్లు వంద దాకా పోవచ్చని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ వంద నాకు అక్కరలేదు, ఎనభై ఐదు చాలు. మెకానిక్‌ను ఎక్కించుకుని చూపిద్దామంటే, భూత్పూర్ దాకా రావడానికి అతనికి తీరిక లేదు. డాక్టర్ గది గడప దాటగానే తగ్గిపోయే కడుపునొప్పిలాగ, షెడ్డు ముందర బండి బుద్ధిగా నిలబడేది.

ఈలోపల అమ్మినాయనకు మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి మర్యాదగా, రెండోసారి వరద గురించి. మూడోసారి బామ్మర్ది పక్కన నిలబడి అందించిన మాటలన్నీ వాడాను. "నా దగ్గర ఉన్నప్పుడు లేదు సార్, అమ్మతోడు" అన్నాడాయన. దొంగలందరూ ఇట్లనే అంటారనుకున్నాను.

చివరికి ఒక పెద్ద షాపులో వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను. ఎడమ ముందు చక్రానికి ఎనభై గ్రాముల వెయిట్లు కొట్టారు. అద్భుతం! ఆ రోజు తొంభై ఐదు మీద పోతే స్టీరింగ్ కదల్లేదు. రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. మూడో రోజు వణుకు తిరిగొచ్చింది. ఫోన్ చేస్తే, టైర్లు అయిపోయాయి, నాలుగూ మార్చాలన్నారు.

టైర్ల ధర కనుక్కుందామని మా ఊరి టైర్ల షాపుకు పోయాను. నడిపేది నా శిష్యుడే. పదో తరగతిలో భౌతికశాస్త్రంలో 36 మార్కులు. అందులో ఒకటి నేను జాలిపడి వేసింది. బ్యాలెన్సింగ్ మెషిన్ కొత్తగా తెచ్చిపెట్టుకున్నాడు. ధర చెప్పకుండా ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎంత స్పీడ్ల మొదలైతది సార్?"

"ఎనభై."

"ఊగేది స్టీరింగా, సీటా?"

"స్టీరింగే."

"గట్లయితే ముందు చక్రాలు. వెనకయైతే సీటు కింద, నడుముకు తెలుస్తది. బ్రేకు కొడితే ఎక్కువైతదా?"

"లేదు."

"అయితే డిస్కులు మంచిగున్నయ్. ఎక్స్‌లేటర్ తొక్కితే వణికి, ఇడిస్తే తగ్గుతదా?"

"తొక్కినా ఒకటే, ఇడిసినా ఒకటే."

"యాక్సిల్ గూడ కాదు."

రెండు నెలల్లో ఇన్ని ప్రశ్నలు అడిగినవాడు ఇతనొక్కడే. మిగతావాళ్ళంతా నాకు జవాబులే చెప్పారు. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, కుడి ఎడమలు పట్టుకుని ఊపాడు. లొడలొడ లేదు, అంటే బాల్‌జాయింట్లు, టైరాడ్ ఎండ్లు గట్టిగానే ఉన్నాయి. చేత్తో తిప్పి చెవి పెట్టాడు, బేరింగ్ గరగర లేదు. టైరు మీద చెయ్యి ఆడించాడు, ఎక్కడా బుడిపె లేదు. పక్కనున్న నాలుగు అంకెలు చదివాడు, 3421. నేను ఇంతకాలం దాన్ని ధర అనుకున్నాను. 2021లో ముప్పై నాలుగో వారంలో తయారైందట. "టైర్లకేం తక్కువ సార్, ఇంకా రెండేండ్లు గుంజుతయ్" అన్నాడు. అమ్మకానికి టైర్లు పెట్టుకున్నవాడు అన్న మాట ఇది, అందుకే రాస్తున్నాను.

నట్లు విప్పి, చక్రం తీసి, వెనక్కి తిప్పి నేల మీద వేశాడు. అందరూ ముందునుంచి చూసిన రిమ్మును ఇతను వెనకనుంచి చూశాడు. లోపలి అంచున, చపాతీ ముక్కలా అంటుకుని, ఎండి బిగుసుకుపోయిన మట్టిపెళ్ళ. దాని పక్కనే ఇంకో పెళ్ళ రాలిపోయిన మచ్చ. స్క్రూడ్రైవర్‌తో ఊడగొట్టి, పక్క కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టాడు. 45 గ్రాములు.

కథ అప్పుడర్థమైంది. పెద్ద షాపువాళ్ళు మట్టి తీయకుండా, మట్టికి సరిపడా ఎదురు బరువు పెట్టారు. రెండు రోజులకు మట్టి సగం రాలింది, వెయిట్లు మాత్రం ఎనభై గ్రాములూ అట్లనే ఉన్నాయి. మూడో రోజు నుంచి నన్ను వణికించింది మట్టి కాదు, దానికి వేసిన మందు.

"ముప్పై అయిదు గ్రాముల తేడాకు ఇంత పెద్ద బండి వణుకుతదా?" అన్నాను.

"మీరే చెప్పిన్రు గద సార్, తాడుకు రాయి కట్టి తిప్పినట్టని. స్పీడు రెండింతలైతే గుంజుడు నాలుగింతలు."

అప్పుడు లెక్క వేశాను, సిగ్గుతో. ఎనభై మీద మా చక్రం సెకనుకు పన్నెండు చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఉన్న ముప్పై ఐదు గ్రాములు ఒక్కో చుట్టుకు మూడున్నర కిలోల బరువై గుంజుతాయి. చక్రం, స్ప్రింగులు తమంతట తాము ఊగే లయ కూడా సెకనుకు ఇంచుమించు అంతే కాబట్టి ఊగుడు చేతికి అందుతుంది. నలభై మీద అదే గుంజుడు కిలో కూడా ఉండదు. ఊర్లో వణకకపోవడానికి కారణం అదన్నమాట, శనేశ్వరుడి లెక్క కూడా అదే. ఇరవై నాలుగేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న సూత్రం నా కారు కింద సెకనుకు పన్నెండుసార్లు తిరుగుతుంటే, నేను మ్యాట్ల కింద వాసన చూశాను.

పాత వెయిట్లు పీకి, రిమ్ము కడిగి, మళ్ళీ మెషిన్‌కు ఎక్కిస్తే పది గ్రాములతో సరిపోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఆ ఒక్క మార్కుకు చెల్లు సార్" అన్నాడు. వాడికి తెలుసన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మట్టిపెళ్ళను కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. నల్లది. మాకున్న రెండెకరాలూ ఎర్ర చెల్క, మా ఇంటి చుట్టూ ఎర్ర మట్టే. నల్లరేగడి మా అత్తగారి ఊర్లో ఉంది. శ్రావణంలో పెళ్ళిచూపులకని బండి తీసుకుపోయినవాడు మా బామ్మర్ది. వచ్చేటప్పుడు నాట్ల కూలీలకు పైసలిద్దామని దమ్ము చేసిన మడి గట్టుదాకా తోలుకుపోయాడట, అదీ నాలుగుసార్లు అడిగితే చెప్పాడు. పెళ్ళ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమాత్రం తొణకకుండా, "నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న గద బావా, ఇది నీళ్ళల్ల దిగిన బండి అని" అన్నాడు.

హైదరాబాద్‌లో నాకు 2012 మోడల్ డీజిల్ బండి అమ్మినాయన కంట ఈ వ్యాసం పడితే ఒక మనవి. అయ్యా, మీ బండి మంచిది. వరద గురించి నేనన్న మాటలు, ముఖ్యంగా మూడోసారి ఫోన్‌లో అన్నవి, వెనక్కి తీసుకుంటున్నాను. వెన్నలాగే పోతున్నది. రెండో తాళంచెవి మాత్రం ఇంకా రాలేదు.