‘ఇరుసు మార్చువాఁడ’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: 1970ల నాటి షెవర్లే కె-10, అంటే అమెరికాలో అరటన్ను ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పు. దాని యజమాని వెనుక ఉన్న 12 బోల్టుల ఇరుసు బరువుకు తాళడం లేదని, తుక్కుకు పోతున్న కె-20 నుంచి 14 బోల్టుల ఇరుసు విప్పి తెచ్చుకున్నాడు. తన ఆరు బోల్టుల చక్రాలు ఎనిమిది బోల్టుల హబ్బుకు ఎక్కవని తెచ్చాక తెలిసింది. అది వేరే శోకం. ఎట్టకేలకు ఇరుసు స్ప్రింగుల కింద కూర్చుంది, యూ-బోల్టులు బిగిశాయి. పని అయిపోయిందని చేతులు తుడుచుకుంటున్న వానితో కవి ఇట్లనుచున్నాడు.

ఇరుసు మార్చువాఁడ! యించులం గొలువుము
షాఫ్టు పొడవు, క్రాసు సైజు, పళ్లు;
మూఁడు గలిసెనేని మురియును నీ బండి;
యొకటి తప్పెనేని యూడిపడును.

ప్రతిపదార్థం: ఇరుసు మార్చువాఁడ = ఇరుసును మార్చే ఓ సాహసీ; షాఫ్టు పొడవు = రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఇరుసు పినియన్ దాకా తిరిగే గొట్టపు నిడివిని; క్రాసు సైజు = ఆ గొట్టం రెండు కొసలా ఉండే నాలుగు చేతుల కీలు కొలతను; పళ్లు = క్రౌను, పినియన్ల పళ్లను; ఇంచులన్ = అంగుళాలలో; కొలువుము = కొలుచుకొనుము. తక్కినది సుగమం.

అన్వయం: పళ్లు లెక్కపెట్టేవే గాని కొలిచేవి కావు గనుక, అక్కడ ‘లెక్కింపుము’ అని అధ్యాహారం చేసుకోవాలి. కవిని తప్పు పట్టనక్కరలేదు. షెడ్డులో ఏది అడిగినా ముందు టేపే చేతికొస్తుంది.

తాత్పర్యం: ఇరుసు దానంతటది బండికి పట్టినా, పాత షాఫ్టు దానికి పట్టాలని లేదు.

విశేషాలు: ముందుగా పొడవు. ఇరుసు మారితే పినియన్ ముక్కు ముందుకో వెనక్కో జరుగుతుంది. కొత్త నిడివిని క్రాసు మధ్య నుంచి క్రాసు మధ్యకు కొలవాలి, అదీ బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడు. ఛాసిస్‌ను జాకీల మీద లేపి, ఇరుసును గాలిలో వేలాడదీసి కొలిచినవాడికి కొలత పెరిగి వస్తుంది. ఆ కొలతకు చేయించిన షాఫ్టు, బండి గుంటలో పడ్డప్పుడు జారే చోటు లేక ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగును పొడుస్తుంది. అందుకే జారుడు కీలులో అంగుళం పాటి ఖాళీ ఉంచమంటారు పెద్దలు.

క్రాసు దగ్గర వ్యాఖ్యాతకు అసలు పరీక్ష. స్పైసర్ లెక్కలో 1310 క్రాసు కప్పు వ్యాసం 1.062 అంగుళాలు, వెడల్పు 3.219. 1330కి కప్పు అదే, వెడల్పు 3.625. 1350కి వెడల్పు మళ్లీ అదే 3.625, కప్పు మాత్రం 1.188. ఒకదానితో కప్పు కలుస్తుంది, ఇంకొకదానితో వెడల్పు కలుస్తుంది. చూపుకు మూడూ కవల పిల్లలే. కాలిపర్ లేకుండా కంటితో నిర్ణయించేవాడిని షాపువాడు రెండోసారి చూడక తప్పదు. రెండు చేతులు ఒక సైజు, రెండు చేతులు ఇంకో సైజుగా ఉండే సంధి క్రాసులు దొరుకుతాయి. పండితులు వాటిని ఆపద్ధర్మంగానే అంగీకరిస్తారు. ఇక జనరల్ మోటార్స్ వారి పాత షాఫ్టులలో క్లిప్పు కోసం వెతికినవాడికి క్లిప్పే కనిపించదు. ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి పోసి క్రాసును బిగించారు. క్రాసును పట్టి ఉంచే యోక్ చెవిని టార్చితో కాలిస్తే చిన్న బెజ్జంలోంచి ఆ ప్లాస్టిక్ సన్నగా సాగుతూ బయటికొస్తుంది, కంపు కొడుతూ. అది పూర్తిగా కారకముందే సుత్తి ఎత్తడం మహాదోషం.

పళ్ల సంగతి. పాత ముందు ఇరుసులో 41కి 11, అనగా 3.73, కొత్త వెనుక ఇరుసులో 41కి 10, అనగా 4.10. ఎన్.పి. 205 వంటి ట్రాన్స్‌ఫర్ కేసులో ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. అప్పుడు ముందు చక్రం 11 గజాలు పోతానంటుంది, వెనుక చక్రం 10 గజాలే వస్తానంటుంది. బురదలో టైర్లు జారి రాజీ కుదురుస్తాయి. తారు రోడ్డు మీద ఆ దారి లేక, మెలి అంతా గేర్లలో బిగిసి, లివరు ఎంత లాగినా రాదు. టూ వీల్‌లో తిరిగినన్నాళ్లూ ఈ దోషం పైకి కనబడదు. మొదటి మంచు పడ్డనాడు బయటపడుతుంది. ‘ఫోర్ వీల్ వేయకుంటే సరి’ అని పూర్వపక్షం. అట్లయిన ముందు ఇరుసు మోయుట ఏల? అని సిద్ధాంతం. మరి 37కి 9, అనగా 4.11 ముందుండి, 4.10 వెనుక ఉంటే? తేడా ఒక శాతంలో మూడో వంతు కూడా లేదు. అరిగిన టైరు తెచ్చే తేడా ఇంతకన్నా ఎక్కువ. కాబట్టి 4.10కి 4.11తో యతిమైత్రి చెల్లుతుంది; 3.73తో చెల్లదు.

కోణం మాట కవి ఎత్తనేలేదు. నా దృష్టిలో ఇది పద్యంలోని పెద్ద లోపం. క్రాసు వంగి తిరిగేటప్పుడు అవతలి కొస వేగం ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలైతే హెచ్చుతగ్గులు చెరి ఒకటిన్నర శాతం. రెండు కొసల వంపులూ సమానమై, రెండు యోక్‌లూ ఒకే వరుసలో ఉంటేనే ఒకటి చేసిన అల్లరిని రెండోది సరిచేస్తుంది. ఇరుసు మీద స్ప్రింగు పీటలు వెల్డు చేసే రోజునే ఈ వంపు ఖాయమవుతుంది. షాఫ్టును జారుడు కీలు దగ్గర విడదీసే ముందు రెండు ముక్కల మీదా ఒకే గీతగా పెయింటు పూయనివాడు, తిరిగి ఒక పన్ను అటుగా ఎక్కించి, వణుకుకు టైర్లను తిడతాడు.

క్రాసుకు ‘జాయింటు’ అని పాఠాంతరం ఉంది. అర్థం చెడదు గాని గణం చెడుతుంది, గ్రాహ్యం కాదు.

‘ఊడిపడును’ అన్నచోట ఏ కొస అన్నది కవి విడమరచలేదు. వెనుక కొస ఊడితే షాఫ్టు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది, చప్పుడు ఎక్కువ. ముందు కొస ఊడి, వేగంలో రోడ్డు గుంటలో గుచ్చుకుంటే బండి వెనుక భాగాన్నే పైకి ఎత్తగలదు. ముందు కొస చుట్టూ ఇనుప కడియం బిగించేది ఇందుకే. అది ఛాసిస్‌కు బిగించాలి గాని ఇరుసుకు కాదు.